పద్నాలుగో పేరు

ఆ టగ్గు సర్వీసు చరిత్ర టైపు కొట్టింది నేనే. ఇంగ్లీషులో ఏడు పేజీలు, ఎనిమిదో పేజీలో సిబ్బంది జాబితా. దాని కాపీ ఏ ఆఫీసు బీరువాలోనైనా మిగిలిందో, చెదలు తినేశాయో తెలియదు. తినేసి ఉంటే నాకు మంచిదే. మొదటి ఏడు పేజీలూ దాదాపు నిజం. ఎనిమిదో పేజీ అబద్ధం. ఆ అబద్ధం ఎవరో చెప్పమంటే చెప్పింది కాదు, నా సొంతం.

టగ్గంటే తెలియనివాళ్ళకి ఒక ముక్క చెప్పాలి. పెద్ద ఓడ తనంతట తాను హార్బరు సన్నటి దారిలో తిరగలేదు, గట్టుకి ఆనుకోలేదు. చిన్నదైనా గట్టి ఇంజనున్న పడవ దానికి మోకు కట్టి లాగాలి, పక్కనుంచి నెట్టాలి. అదే టగ్గు. మా నాన్న పనిచేసిన టగ్గుని రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో ఎక్కడో విదేశంలో హడావిడిగా కట్టారు. ఆ యుద్ధం అయిపోయాక చేతులు మారి మారి విశాఖపట్నం వచ్చి, మన నౌకాదళం పనిలో కుదురుకుంది. ఆవిరి ఇంజను, నల్లటి పొట్ట, ఒంటికి మించిన పొగగొట్టం. యుద్ధనౌకల పక్కన నిలబడితే పెళ్ళివారి కార్ల మధ్య రిక్షాలా ఉండేది.

మా నాన్న దానిమీద భండారీ. అంటే వంటవాడు. పద్నాలుగు మంది సిబ్బందిలో జీతాల పుస్తకంలో ఆఖరి పేరు ఆయనది.

డెబ్భై ఒకటి డిసెంబరులో పాకిస్తానుతో యుద్ధం వచ్చినప్పుడు నాకు పదకొండేళ్ళు. మేం పాతవూళ్ళో, పూర్ణా మార్కెట్టు వెనక సందులో ఉండేవాళ్ళం. కిటికీలకి నల్లకాగితాలు అంటించుకుని, సాయంత్రం ఆరింటికల్లా అన్నాలు తినేసి, చీకట్లో ప్రార్థన చేసుకుని పడుకునేవాళ్ళం. నాన్న ఇంటికి రాలేదు. టగ్గుకి రాత్రీ పగలూ పనే. ఇంజను లేని మంచినీళ్ళ బార్జీలు లాగడం, మందుగుండు బార్జీలు లాగడం, ఓడల్ని బయటికి సాగనంపడం. పొద్దు వాలాక డెక్కు మీద నిప్పు వెలగకూడదని ఆర్డరు. వంటగది అన్నది పొగగొట్టం వెనక ఒక రేకుపెట్టె. దాని సందుల్లోంచి బొగ్గుల వెలుతురు మైలు దూరానికి కనిపిస్తుంది. పగలు చూస్తే పొయ్యి దగ్గర కూర్చునే తీరిక లేదు, నాన్న కూడా మోకులు పట్టాల్సిందే. రెండు రోజులు అందరూ అటుకులూ బెల్లం తిని పనిచేశారు.

మూడో రోజు నాన్న కింద ఇంజను రూములోకి దిగాడు. ఆ మాట ఆయన ఎన్నిసార్లు చెప్పాడో, నాకు అక్షరం పొల్లుపోకుండా వచ్చు.

“కిందనేమో బాయిలరు కుతకుతలాడిపోతంది. పైన మనం అటుకులు నముల్తన్నాం. ఇదేటి న్యాయం బావా, అని సరంగుతో అన్నాను.”

సరంగంటే టగ్గు సిబ్బందికి పెద్ద. ఆయనా నాన్నా చుట్టాలు కారు, కులమూ మతమూ ఒకటి కావు, కానీ ఒకరికొకరు బావ. సరంగు సరేనన్నాడు. నాన్న పెద్ద బకెట్టులో కడిగిన బియ్యం, నీళ్ళు పోసి, బాయిలరు ఆవిరి వదిలే కుళాయికి రాగి గొట్టం బిగించి, దాని రెండో కొస బకెట్టు అడుగుకి దించాడు. పైన చెక్కమూత, మూతమీద తడి గోనె. పావుగంటలో అన్నం ఉడికిపోయింది. వెలుతురు లేదు, పొగ లేదు. వచ్చిందల్లా నూనె వాసన. ఆ వాసన ఎన్ని నీళ్ళు మార్చినా పోలేదట. సిబ్బంది దానికి ఇంజనన్నం అని పేరుపెట్టారు. యుద్ధం అయిందాకా అదే తిన్నారు. రెండు మూడు చిన్న పడవలవాళ్ళు కూడా గిన్నెలు పట్టుకుని వచ్చేవారట.

యుద్ధం అయ్యాక నాన్న మాకు రుచి చూపించడానికని ఒక క్యారియరు నిండా ఇంజనన్నం వండి తెచ్చాడు. అమ్మ ముక్కు మూసుకుంది. నేను మాత్రం చింతకాయ పచ్చడి కలుపుకుని మొత్తం తిన్నాను. మర్నాడు బడిలో అందరికీ చెప్పాను, మా నాన్న యుద్ధంలో ఇంజనుతో అన్నం వండాడని. చెప్పినప్పుడు నా మెడ రెండంగుళాలు సాగి ఉంటుంది. ఆ పదకొండేళ్ళ పిల్లకున్న బుద్ధి పాతికేళ్ళదానికి లేకపోయింది.

డిగ్రీ చదివాను, టైపు హయ్యరు పాసయ్యాను. ఎంప్లాయిమెంట్ ఎక్స్ఛేంజీ కార్డు మీద హార్బరులో నౌకాదళం తరఫు చిన్న పడవల లెక్కలు చూసే ఆఫీసులో టెంపరరీ టైపిస్టుగా చేరాను. అప్పటికి నాన్న రిటైరై రెండేళ్ళు. ఆఫీసులో నాతోపాటు ఇంకో ఇద్దరు అమ్మాయిలు. ఒకమ్మాయి నాన్న స్టీల్ ప్లాంటు కట్టుబడిలో ఇంజనీరు, ఇంకో అమ్మాయి నాన్న హెడ్మాస్టరు. మొదటి రోజే భోజనాల దగ్గర ఇంజనీరుగారి అమ్మాయి మామూలుగా అడిగింది, మీ నాన్నగారేం చేసేవారని.

“నేవీ. టగ్గులో. ఇంజను సైడు” అన్నాను.

ఆ పిల్ల ఎగతాళి చేసేది కాదు. భండారీ అని చెప్పి ఉంటే, అయితే మీ ఇంట్లో కూరలు బాగుంటాయన్నమాట అని నవ్వేసేది. ఈ సంగతి నాకు అప్పుడూ తెలుసు. అయినా నోరు అలా తిరిగింది. ఒకసారి తిరిగాక దాన్ని మళ్ళీ ఇటు తిప్పడం నా వల్ల కాలేదు.

ఒకనాడు నేను అన్నం డబ్బా మరిచిపోతే నాన్న ఎండలో నడిచి ఆఫీసు గేటు దాకా తెచ్చాడు. మడిచి కట్టిన లుంగీ, మెడలో తువ్వాలు. కిటికీలోంచి చూసి నేను వెళ్ళలేదు, ప్యూన్ని పంపాను. ఇంజనీరుగారి అమ్మాయి “ఎవరే ఆయన?” అంటే “తెలిసినాయన” అన్నాను. ప్యూను డబ్బా తెచ్చి బల్లమీద పెట్టాడు. సాయంత్రం నాన్న ఏమీ అడగలేదు. ఇంకెప్పుడూ గేటు దగ్గరికి రాలేదు కూడా. నేను దాన్ని అదృష్టం అనుకున్నాను. ఇది రాస్తుంటే చెంపలు మండుతున్నాయి.

ఎనభైల మధ్యలో ఆ టగ్గుని పక్కనపెట్టేశారు, ముక్కలు చేసి అమ్మాలని తేలిపోయింది. మా ఆఫీసరు ఉత్తరాదినుంచి బదిలీమీద వచ్చిన కుర్రాడు, పాతవస్తువులంటే ప్రాణం. రెండు యుద్ధాలు చూసిన పడవని చెత్తబండిలా పంపకూడదన్నాడు. దాని సర్వీసు చరిత్ర రాసి, అందరి ముందూ చదివి, డెబ్భై ఒకటిలో దానిమీద ఉన్నవాళ్ళని ఒక్కొక్కరినీ మైకులో పేరుపెట్టి పిలిచి, డెక్కు మీద వరసగా నిలబెట్టి, వాళ్ళ ఎదుట జెండా దించాలన్నాడు. చరిత్ర రాసే పని హెడ్ క్లర్కుకి అప్పజెప్పాడు. హెడ్ క్లర్కు నాకు అప్పజెప్పాడు.

టగ్గు ఏ రోజు పని ఆ రోజు రాసుకున్న లాగ్ పుస్తకాలు రెండు గోనెసంచుల్లో వచ్చాయి. చెమ్మకి అట్టలు అంటుకుపోయి ఉన్నాయి. తెరిస్తే పేజీ పేజీకీ ఒకటే గోల. ఆరింటికి మోకు విప్పాం, ఏడింటికి బార్జి కట్టాం, నీళ్ళు దించాం, మోకు కట్టాం. రెండో ప్రపంచ యుద్ధం తాలూకు కాలానికి ఉన్నది ఒక్క కాగితం, అందులో కట్టిన సంవత్సరమూ బరువూ తప్ప ఏమీ లేవు. నెలరోజులు కూర్చుని దాన్ని చరిత్రలా చేశాను. ఆ పని బాగా చేశానని ఇప్పటికీ అనుకుంటాను. అదీ ఒక సిగ్గే.

చిత్తుప్రతి చదివి ఆఫీసరు పెదవి విరిచాడు. యుద్ధం రోజుల్లో మనుషుల గురించి ఏదైనా విశేషం లేదా అన్నాడు. నేను ఆగలేకపోయాను. ఇంజనన్నం కథ మొత్తం చెప్పేశాను, తడి గోనెతో సహా. ఆయన కుర్చీలోంచి లేచాడు. ఇది నీకెవరు చెప్పారన్నాడు. పాత సిబ్బంది చెప్పుకునేవారు సార్ అన్నాను. వెంటనే రాయమన్నాడు. రాశాను, మొత్తం చరిత్రలో ప్రాణమున్న పేరా అదే. అందులో వండినవాడు లేడు. టగ్గు సిబ్బంది వండుకున్నారు అని రాశాను.

ఇక మిగిలింది జాబితా. ప్రతి పేరు పక్కనా వాళ్ళ పని రాయాలి. స్టెన్సిల్ కాగితం మిషన్లో పెట్టి సరంగు, ఆయన కింద టిండాల్, డ్రైవరు, ఇంజనుకి నూనె పెట్టే గ్రీజర్లు, మోకులు పట్టే లస్కర్లు, పదమూడు పేర్లు కొట్టాను. పద్నాలుగో పేరు దగ్గర చెయ్యి ఆగింది. మా ఇంటిపేరు అరుదైనది. కాపీలు వరసగా పేర్చి పిన్ను కొట్టేది ఇంజనీరుగారి అమ్మాయే. నా ఇంటిపేరు చూస్తుంది, పక్కన భండారీ అని చూస్తుంది. గ్రీజరని కొడదామా అని కూడా ఆలోచించాను. కొడితే పదమూడు మందీ నవ్వుతారు, నాన్న ఒప్పుకోడు. ఆ పేరు కొట్టకుండానే స్టెన్సిల్ మిషన్లోంచి లాగేశాను. హెడ్ క్లర్కు స్పెల్లింగులు చూశాడు, తలలు లెక్కపెట్టలేదు, సంతకం చేసేశాడు.

నాన్నకి సభ కబురు నాకంటే ముందే సరంగు ద్వారా అందింది. గాజువాకలో కొడుకు దగ్గర ఉంటున్న సరంగు బస్సెక్కి మా ఇంటికొచ్చి మరీ చెప్పి వెళ్ళాడు. నాన్న తెల్లచొక్కా బయటికి తీయించి, ఇస్త్రీకి ఇచ్చి, తెచ్చి, మళ్ళీ ఇచ్చాడు. ముప్ఫైయేళ్ళు ఆయన్ని అందరూ ‘ఏయ్ భండారీ’ అనే పిలిచారు. మైకులో పేరు వినిపిస్తుందంటే ఆ మనిషికి నిద్ర పట్టలేదు. జీవితంలో ఆయన ఇది కావాలి అని కోరుకోవడం నేను చూసింది అదొక్కసారే.

“మనోళ్ళ పేర్లన్నీ ఎక్కించేవేటమ్మా?” అని అడిగాడు.

“అన్నీ ఎక్కించాను నాన్నా.”

“టిండాల్ది స్పెల్లింగు జాగర్త. ఆడికి పట్టింపు.”

“సరే.”

అప్పటికి స్టెన్సిల్ నా సొరుగులోనే ఉంది. ఇంకా కాపీలు తీయలేదు. ఇంకొకటి కొట్టడానికి పావుగంట చాలు. ఆ మర్నాడు సొరుగు తెరిచాను, స్టెన్సిల్ తీసి సైక్లోస్టైల్ చేసేవాడి చేతికి ఇచ్చాను.

సభ ఉదయం పదింటికి. గట్టు మీద షామియానా వేశారు, ఎదురుగా టగ్గుకి కొత్త రంగు పూసి రంగుజెండాలు కట్టారు. పాత సిబ్బంది ముందు వరసలో కూర్చున్నారు. నాన్న సరంగు పక్కన. నేను ఆఫీసువాళ్ళతో నాలుగో వరసలో. ఆఫీసరు చరిత్ర చదివాడు, పక్కన ఒకాయన తెలుగులో చెప్పాడు. ఇంజనన్నం దగ్గరికి రాగానే జనం గలగలా నవ్వారు, చప్పట్లు కొట్టారు. ముందు వరసలో పదమూడు తలలూ నాన్న వైపు తిరిగాయి. సరంగు ఆయన వీపు మీద గట్టిగా చరిచాడు. నాన్న తల వంచుకుని నవ్వుతూ చొక్కా బొత్తాం సవరించుకుంటున్నాడు, ఇప్పుడో ఇంకాసేపట్లోనో లేవాలి కదా మరి.

పేర్లు మొదలయ్యాయి. ఒక్కొక్కరూ లేచి, గట్టునుంచి టగ్గుకి వేసిన చెక్క మీదుగా డెక్కు ఎక్కుతున్నారు. ముందు వరస ఖాళీ అవుతోంది. పదమూడో పేరు అయింది. నాన్న కుర్చీ అంచుకి జరిగి, రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టి సగం లేచాడు. ఆఫీసరు కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. బ్యాండు మొదలైంది, జెండా దిగింది. ముందు వరసలో ఒక్క తెల్లచొక్కా మిగిలింది. నేను నా చెప్పుల వైపు చూస్తూ కూర్చున్నాను.

తలెత్తేసరికి ఆ కుర్చీలో నాన్న లేడు. షామియానా పక్కన క్యాంటీను కుర్రాళ్ళు టీ గ్లాసులు సర్దుతున్నారు, జనం ఎక్కువ, చేతులు తక్కువ. నాన్న వెళ్ళి ఒక ట్రే అందుకున్నాడు. ఆయనకి ఊరికే నిలబడటం రాదు. వరస వరసా ఇచ్చుకుంటూ మా వరసకి వచ్చాడు. ఇంజనీరుగారి అమ్మాయికి ఇచ్చాడు. తరవాత నాకు.

“ఏడిగా ఉందండి, జాగర్త” అన్నాడు.

మా నాన్న నన్ను అండి అన్నాడు. నా ముఖం కేసి చూడకుండా, పక్కవాళ్ళకి ఇచ్చినట్టే ఇచ్చి, తరవాతి కుర్చీకి వెళ్ళిపోయాడు. ఇంజనీరుగారి అమ్మాయి ఆయన వెనకనుంచి చూస్తూ “ఈ పెద్దాయన్ని ఎక్కడో చూశానే” అంది. నాకు తెలీదు అన్నాను.

ఇంతలో సరంగు డెక్కు దిగి నేరుగా ఆఫీసరు దగ్గరికొచ్చాడు. ముఖం జేవురించి ఉంది.

“సారూ, మేం పద్నాలుగు మందిమి. అన్నం కత సదివేరు, అందరూ సప్పట్లు కొట్టేరు. మరి ఆ అన్నం వొండినోడేడి? ఆడి పేరేది?”

ఆఫీసరుకి తెలుగు రాదు. చుట్టూ చూసి నన్ను చెయ్యెత్తి పిలిచాడు, ఏమంటున్నాడో చెప్పమని. వెళ్ళి నిలబడ్డాను. అంతలో నాన్న ట్రే పట్టుకునే వచ్చి సరంగు భుజం పట్టుకుని రెండడుగులు పక్కకి లాగాడు. గొంతు తగ్గించాడు గానీ నాకు వినిపించింది.

“ఊరుకో బావా. ఆ కాయితం మా పాప కొట్టింది. ఒక్క లైను జారిపోనాది. నువ్విప్పుడు గొడవ సేత్తే అదింకా టెంపరరీ, ఉజ్జోగం పీకేత్తారు. నీకు దండం పెడతాను, ఊరుకో.”

సరంగు నా వైపు చూశాడు. ఆ చూపు గురించి రాయను. నాన్న ఆఫీసరు వైపు తిరిగి నవ్వుతూ “కుచ్ నై సాబ్, చాయ్” అని గ్లాసు అందించాడు. ఆఫీసరు అది తీసుకుని, ఇంతకీ ఆయనేమన్నాడు అని నన్ను ఇంగ్లీషులో మళ్ళీ అడిగాడు. టగ్గు చాలా మంచిదని చెబుతున్నాడు సార్ అన్నాను.

ఆ సాయంత్రం ఇంటికెళ్ళాక గుమ్మంలోనే మొదలుపెట్టాను. “నాన్నా, ఆ జాబితాలో...”

“మిసన్ను గదమ్మా, జారిపోద్ది” అన్నాడు. “పదమూడు మందివీ తప్పు నేకుండా కొట్టేవు. టిండాల్ ఎంత మురిసిపోనాడో తెలుసా?”

తరవాత ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ ఆయన అదే చెప్పేవాడు. పాస్టరుగారికి, ఇంటిగలావిడకి, పాలవాడికి. టగ్గు చరిత్రంతా మా పాపే కొట్టింది, ఎనిమిది పేజీలు, ఒక్క లైను జారింది, అంతే. చెప్పి నవ్వేవాడు. నేను పక్కనే ఉండి నేలచూపులు చూసేదాన్ని. టగ్గుని కోసేశారు. నా ఉద్యోగం పర్మనెంటు అయింది. ఆ వార్త విని నాన్న కేజీ మిఠాయి తెచ్చి సందంతా పంచాడు.

నాలుగేళ్ళు మోశాను. ఒక ఆదివారం చర్చినుంచి వచ్చాక నాన్న పెరట్లో పీట వేసుకుని కానాగంత చేపలు శుభ్రం చేస్తున్నాడు. అమ్మ ఇంట్లో లేదు. ఎదురుగా కూర్చుని, ఊపిరి బిగబట్టి చెప్పేశాను.

“నాన్నా, అది జారలేదు. నేనే తీసేశాను. ఆఫీసులో నువ్వు ఇంజను సైడని చెప్పాను. భండారీ అని కనపడకూడదని తీసేశాను.”

కత్తి ఆగింది. చెప్పేశానన్న తేలిక ఒక్క క్షణం అనిపించింది, దాచను. ఇక తిడతాడు, నేను ఏడుస్తాను, అయిపోతుంది అనుకున్నాను. నాన్న తలెత్తాడు. నా మీద ఆయనకి కోపం రావడం నేను పుట్టాక చూడలేదు. అప్పుడు చూశాను.

“కాదు. జారిపోనాది” అన్నాడు.

“కాదు నాన్నా...”

“జారిపోనాదని సెప్పేను గదా. సరంగు బావకి సెప్పేను. పాస్టరుగారికి సెప్పేను. నాలుగేళ్ళనుంచీ అందరికీ అదే సెప్తన్నాను. ఇప్పుడు కాదని నువ్వంటే, నాను ఆళ్ళ మొకం ఎలా సూడాల? ఇంకోసారి ఆ మాట అనకు.”

మళ్ళీ చేపల మీదికి వంగాడు. నా బరువు దించుకుందామని, ఆయన కష్టపడి కట్టుకున్న ఆ ఒక్క మాటనీ లాగేయబోయానని అప్పుడు అర్థమైంది.

ఆ తరవాత ఇంటికి ఎవరొచ్చి టగ్గు సంగతి ఎత్తినా, నాన్న చెప్పకముందే నేనే చెప్పేదాన్ని. అవునండీ, నేనే కొట్టాను, ఒక్క లైను జారిపోయింది అని.